ఇంజను ఎందుకు ‘మిస్’ కొడుతోంది?

పొలాల మధ్య ఆయిల్ ఇంజను నడుస్తూ ఉండగా మీరు వినే ఉంటారు. ‘టక్ టక్ టక్ టక్’ మంటూ ఒకే లయలో సాగిపోతుంది. ఆ వరసలో ఒక్క ‘టక్’ తప్పితే చాలు, గట్టు మీద కునికిపాట్లు పడుతున్న రైతు దిగ్గున లేచి కూర్చుంటాడు. “ఇంజను మిస్ కొడుతోంది” అంటాడు. ఆయనకు చెవే పరికరం.

మరి కారు సంగతి ఏమిటి? మామూలు పెట్రోలు కారులో నాలుగు సిలిండర్లు ఉంటాయి. ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరిగేటప్పుడు ఆ నాలుగింటిలో కలిపి సెకనుకు 100 సార్లు పెట్రోలు మండుతుంది. ఆ నూటిలో ఒకటి తప్పితే ఏ చెవి పట్టుకోగలదు? అందుకే ఇప్పటి కార్లలో ఆ పనిని ఒక చిన్న కంప్యూటరుకు అప్పగించారు. తప్పులు హద్దు మీరినప్పుడు అది డ్రైవరు ఎదుట ఇంజను బొమ్మ ఉన్న పసుపుపచ్చ దీపాన్ని వెలిగిస్తుంది.

దీపం వెలిగింది, సరే. అయితే ఏ భాగం చెడిపోయింది? ఇక్కడే అసలు చిక్కు. ఈ చిక్కును విప్పడంలో మీరు తరగతిలో చదివే భౌతికశాస్త్రం ఎంతగా అక్కరకు వస్తుందో చూద్దాం రండి.

ఒక బాడుగ కారు కథ

మాధవరంలో ఒక బాడుగ కారు ఉందనుకుందాం. మంత్రాలయం వచ్చిన యాత్రికులను ఆదోనికీ, ఎమ్మిగనూరుకూ చేరవేయడం దాని పని. దాని మీద ఒక కుటుంబం బతుకుతోంది. ఒకరోజు దీపం వెలిగింది. షెడ్డుకు తీసుకుపోతే మేస్త్రీ పెట్రోలు ఫిల్టరు మార్చాడు. దీపం ఆరింది. వారానికి మళ్ళీ వెలిగింది. ఈసారి ఇంజెక్టర్లు కడిగించాడు. మళ్ళీ ఆరింది, మళ్ళీ వెలిగింది. డబ్బు మాత్రం పోతూనే ఉంది.

“ఏమన్నా, మళ్ళా లైటు వచ్చె!” అన్నాడు డ్రైవరు.

“నా కాడ అరగంట స్టార్టు చేసి పెడితిని. ఒక్క మిస్సు గూడా ల్యాదు గదన్నా!” అన్నాడు మేస్త్రీ.

ఇద్దరూ అబద్ధమాడలేదు. షెడ్డులో నిలబెట్టి నడిపితే ఇంజను నిజంగానే బాగుంది. నలుగురు ఎక్కి, సామాను వేసుకుని, మిట్ట ఎక్కేటప్పుడు మాత్రం జర్కులు కొడుతోంది. ఖాళీ బండికి లేని జబ్బు నిండు బండికి ఎందుకు వచ్చింది? ఈ ప్రశ్నను గుర్తుపెట్టుకోండి. దీనికి జవాబు దొరికితే జబ్బు దొరికినట్టే.

మూడు అవసరాలు

జర్మనీలో నికొలాస్ ఆటో 1876లో తయారుచేసిన నాలుగు ఘాతాల ఇంజను పద్ధతే నేటి పెట్రోలు కార్లకూ ఆధారం. పిస్టన్ మొదటిసారి కిందికి దిగుతూ గాలినీ పెట్రోలునూ లోపలికి పీలుస్తుంది. పైకి వస్తూ ఆ మిశ్రమాన్ని నొక్కుతుంది. అప్పుడు ప్లగ్గు కొనల మధ్య నిప్పురవ్వ దూకుతుంది. మండిన వాయువులు పిస్టన్‌ను బలంగా కిందికి నెడతాయి. నాలుగోసారి పిస్టన్ పైకి వస్తూ పొగను బయటికి తోస్తుంది.

ఈ నాలుగు ఘాతాలకు క్రాంక్ షాఫ్ట్ రెండు చుట్లు తిరుగుతుంది. నాలుగు సిలిండర్లు వంతులవారీగా పనిచేస్తాయి కనుక ప్రతి అరచుట్టుకూ ఒక సిలిండర్ మండుతుంది. చాలా ఇంజన్లలో ఆ వరస 1, 3, 4, 2.

సిలిండర్ మండాలంటే మూడు కావాలి. ఒకటి, సరైన పాళ్ళలో మిశ్రమం. మామూలు పెట్రోలు ఒక కిలోకు గాలి దాదాపు 14.7 కిలోలు పడుతుంది. రెండు, ఆ మిశ్రమాన్ని గట్టిగా నొక్కిన పీడనం. మూడు, సరైన క్షణంలో బలమైన నిప్పురవ్వ. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా ఆ సిలిండర్ మండదు. దాన్నే మేస్త్రీలు ‘మిస్సింగ్’ అంటారు.

ఒక సంగతి మరవకండి. పొలంలోని డీజిల్ ఇంజనుకు ప్లగ్గు ఉండదు. అక్కడ గాలిని చాలా ఎక్కువగా నొక్కడం వల్ల పుట్టిన వేడికే డీజిల్ అంటుకుంటుంది. ఇక్కడ మనం చెప్పుకునేది పెట్రోలు ఇంజను గురించే.

తప్పిన దెబ్బను పట్టుకోవడం ఎలా?

కంప్యూటరుకు సిలిండర్ లోపల కన్ను లేదు. మరి మంట ఆరిందని దానికెలా తెలుసు? ఒక చిన్న ప్రయోగం చేద్దాం.

సైకిలును తలకిందులుగా నిలబెట్టండి. ముందు చక్రం ఊచలకు తగిలేట్టు ఒక గట్టి అట్టముక్కను ఫోర్కుకు కట్టండి. ఇప్పుడు అరచేత్తో టైరును ఒకే లయలో తట్టుతూ చక్రాన్ని తిప్పండి. అట్టముక్క ‘ట్ర్‌ర్‌ర్’ మని మోగుతుంది. వేళ్ళు ఊచల మధ్యకు పోకుండా జాగ్రత్త! ఇప్పుడు కావాలనే ఒక తట్టు మానేయండి. ‘ట్ర్‌ర్‌ర్’ చప్పుడు కాస్త మందగించి, తర్వాతి తట్టుతో మళ్ళీ పుంజుకుంటుంది. మీ చేతిని చూడకుండానే పక్కనున్న మిత్రుడు తట్టు తప్పిందని చెప్పేయగలడు.

కారులోనూ సరిగ్గా ఇదే ఏర్పాటు. క్రాంక్ షాఫ్ట్‌తో పాటు ఒక పళ్ళచక్రం తిరుగుతుంది. చాలా కార్లలో దీని అంచున 60 పళ్ళకు చోటు ఉంటుంది. అందులో రెండు పళ్ళు ఉండవు, ఆ ఖాళీ ‘ఇది మొదలు’ అని చెప్పే గుర్తు. చక్రం పక్కనే ఉన్న సెన్సరు ఒక్కొక్క పన్నూ దాటే కాలాన్ని కొలుస్తుంది. నిమిషానికి 3,000 చుట్ల వేగంలో ఒక అరచుట్టుకు పట్టే కాలం 10 మిల్లీసెకన్లు. ఏ సిలిండర్ మండకపోతే దాని వంతు వచ్చిన అరచుట్టు కాస్త ఆలస్యమవుతుంది. ఆలస్యమైన వంతు ఎవరిదో కంప్యూటరుకు తెలుసు కనుక, మండని సిలిండర్ ఏదో తెలిసిపోతుంది.

సైకిలు దగ్గరకు మళ్ళీ రండి. ఈసారి తట్టు మానకుండా, టైరుకు ఒక గుడ్డను క్షణంపాటు తాకించండి. చప్పుడు ఇప్పుడూ మందగిస్తుంది! తట్టు తప్పిందా, గుడ్డ తగిలిందా అన్నది మీ మిత్రుడు చెప్పలేడు. కారుకూ ఇదే ఇబ్బంది. గతుకుల రోడ్డు మీద చక్రాలకు తగిలే కుదుపులు గేర్ల గుండా వెనక్కి వచ్చి క్రాంక్ షాఫ్ట్‌ను కదిలిస్తాయి. అందుకే చాలా కార్లలో చక్రాల వేగాన్నో కుదుపులనో విడిగా కొలిచి, రోడ్డు మరీ గతుకులుగా ఉన్నప్పుడు ఈ లెక్కను కాసేపు ఆపుతారు. ఏ కొలత అయినా నమ్మేముందు దాన్ని ఏది మోసగించగలదో ఆలోచించాలని దీన్నిబట్టి తెలుస్తుంది.

దీపం వెలిగితే ఏం పోయింది?

“బండి నడుస్తూనే ఉంది కదా, దీపం మీద నల్ల టేపు అంటిస్తే సరి” అనేవాళ్ళు ఉన్నారు. అది పొరపాటు. మండని పెట్రోలు ఎక్కడికి పోతుందో ఆలోచించండి. మండకుండా మిగిలిన గాలితో కలిసి పొగగొట్టంలోకి పోతుంది. అక్కడ కేటలిటిక్ కన్వర్టర్ ఉంటుంది. తేనెతుట్టెలాంటి పింగాణీ దిమ్మె మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం వంటి విలువైన లోహాలను పలచగా పూసి దాన్ని తయారుచేస్తారు. విషవాయువులను హాని తగ్గిన వాయువులుగా మార్చడం దాని పని. సిలిండర్‌లో మండవలసిన పెట్రోలు అక్కడికి వచ్చి మండితే కన్వర్టర్ ఉష్ణోగ్రత 1,000 డిగ్రీల సెంటిగ్రేడు దాటగలదు. ఎక్కువసేపు అలా జరిగితే లోపలి దిమ్మె కరిగి గడ్డకడుతుంది. కొన్ని వందల రూపాయల ప్లగ్గు దగ్గర మొదలైన జబ్బు వేలకు వేలు పలికే కన్వర్టరును మింగేస్తుంది.

అందుకే ఈ దీపానికి రెండు భాషలున్నాయి. నిలకడగా వెలిగితే ‘త్వరలో చూపించు’ అని అర్థం. ఆరుతూ వెలుగుతూ ఉంటే ‘కన్వర్టర్ కాలిపోతోంది, వేగం తగ్గించి భద్రమైన చోట ఆపు’ అని అర్థం. అలా ఆపేటప్పుడు ఎండుగడ్డి మీద, వేరుశనగ కట్టె మీద ఆపకూడదు. వేడెక్కిన కన్వర్టర్ బండి అడుగునే ఉంటుంది. నిప్పంటుకోవడానికి ఆ వేడి చాలు.

మన దేశంలో 1995లో నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకు కన్వర్టర్లు తప్పనిసరి చేశారు. సీసం కలిసిన పెట్రోలు కన్వర్టరును పాడుచేస్తుంది. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. 2020 ఏప్రిల్ 1 నుంచి భారత్ స్టేజ్-6 ప్రమాణాలు దేశమంతటా అమలులోకి వచ్చాయి. డ్రైవరు ముందున్న ఆ చిన్న దీపం వెనుక ఇంత చరిత్ర ఉంది. అది మనం పీల్చే గాలికి కాపలా.

సంకేతం చెప్పేదెంత?

స్టీరింగు కింద ఉండే సాకెట్‌కు స్కానర్ అనే పరికరాన్ని తగిలిస్తే కంప్యూటరు రాసి పెట్టుకున్న సంకేతం కనిపిస్తుంది. ఈ సంకేతాల పద్ధతి అమెరికాలో 1996 నాటి కార్ల నుంచి తప్పనిసరి అయింది. ఇప్పుడు మన కార్లలోనూ అవే సంకేతాలు. పి0301 అంటే ఒకటో సిలిండర్ మిస్ అవుతోంది. పి0302 అంటే రెండోది. పి0300 అంటే ఒక సిలిండర్ అని కాకుండా ఏదో ఒకటి మిస్ అవుతోంది.

ఎమ్మిగనూరు మగ్గాల దగ్గర నిలబడి చూస్తే ఈ తేడా బాగా అర్థమవుతుంది. పడుగులో ఒక పోగు తెగితే బట్టలో ఆ ఒక్క చోటే నిలువు గీత పడుతుంది. ఆ పోగును వెదికి ముడివేయాలి. బట్ట అంతటా వదులుగా వస్తుంటే తప్పు ఒక పోగుది కాదు, మగ్గంలోనే ఉంది. అలాగే ఒకే సిలిండర్ మిస్ అవుతుంటే దాని సొంత ప్లగ్గు, కాయిల్, ఇంజెక్టర్, వాల్వులను అనుమానించాలి. అన్నీ మిస్ అవుతుంటే అన్నింటికీ ఉమ్మడిగా ఉన్న పెట్రోలు పంపు, పెట్రోలులో చేరిన నీరు, గాలి దారిలోని చిల్లు వంటివాటిని అనుమానించాలి.

ఇక్కడ ఒక మాట గట్టిగా పట్టుకోండి. ‘రెండో సిలిండర్ మండలేదు’ అన్నంతవరకే సంకేతం చెబుతుంది. ‘కాయిల్ పోయింది’ అని ఎన్నడూ చెప్పదు. అది లక్షణం, జబ్బు కాదు. జబ్బును మనం ప్రయోగం చేసి కనిపెట్టాలి.

ఒక్కటే మార్చు

మన బాడుగ కారు ఇప్పుడు మరో మేస్త్రీ దగ్గరకు పోయిందనుకుందాం. స్కానర్ పి0302 చూపింది. ఆయన కొత్త భాగాలేమీ కొనలేదు. రెండో సిలిండర్ కాయిల్‌ను మూడోదానికి, మూడోదాన్ని రెండోదానికి మార్చి బిగించాడు. మరింకేమీ ముట్టుకోలేదు. పాత సంకేతాన్ని చెరిపేసి, నలుగురిని ఎక్కించుకుని, అదే మిట్ట ఎక్కించాడు. దీపం వెలిగింది. ఈసారి సంకేతం పి0303!

తప్పు కాయిల్‌తో పాటు నడిచి మూడో ఇంటికి పోయింది. అంటే దోషి కాయిలే. సంకేతం పి0302గానే నిలిచి ఉంటే కాయిల్ నిర్దోషి అని తేలేది. అప్పుడు ప్లగ్గులను, ఆ తర్వాత ఇంజెక్టర్లను ఇలాగే మార్చి చూడాలి.

ఒకేసారి కాయిలూ ప్లగ్గూ రెండూ మార్చి ఉంటే? దీపం ఆరినా ఏది కారణమో తెలిసేది కాదు. ఒక్కదాన్నే మార్చి, మిగిలినవన్నీ ఉన్నవి ఉన్నట్టు ఉంచి చూడాలన్నది మీ ప్రయోగశాల సూత్రమే. అదే బరువు, అదే మిట్ట అన్నది కూడా అందులో భాగమే. షెడ్డులో నిలబెట్టి పరీక్షిస్తే ఈ జబ్బు కనబడేదే కాదు.

పాత అంబాసిడర్ కార్ల కాలంలోనూ మేస్త్రీలకు ఇలాంటి ఉపాయం తెలుసు. నడుస్తున్న ఇంజనులో ప్లగ్గు తీగలను ఒక్కొక్కటే ఊడదీసేవారు. ఏ తీగ తీసినప్పుడు ఇంజను చప్పుడు మారదో ఆ సిలిండర్ అంతకుముందే పనిచేయడం లేదన్నమాట. ఇప్పటి కార్లలో అలా చేయకూడదు. ఆ తీగల్లో పదుల వేల వోల్టులు ఉంటాయి. పైగా కంప్యూటరూ దెబ్బతినవచ్చు. మీరు మాత్రం ఏ ఇంజను తీగనూ ముట్టకండి.

నిండు బండికే ఎందుకు?

ఇక గుర్తుపెట్టుకోమన్న ప్రశ్నకు వద్దాం.

బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులే. ప్లగ్గు కొనల మధ్య ఉండే ఒక మిల్లీమీటరు సందులో నిప్పురవ్వ దూకాలంటే వేల వోల్టులు కావాలి. ఆ పనిని కాయిల్ చేస్తుంది. మొదటి చుట్టలో పారుతున్న కరెంటును హఠాత్తుగా తెంపితే, వేల చుట్లున్న రెండో చుట్టలో గొప్ప వోల్టేజి పుడుతుంది. 1831లో మైకేల్ ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణే ఇది.

ఎన్ని వోల్టులు కావాలన్నది దేని మీద ఆధారపడుతుంది? జర్మన్ శాస్త్రజ్ఞుడు ఫ్రీడ్రిష్ పాషెన్ 1889లో దీన్ని కొలిచి చెప్పాడు. వాయువు పీడనాన్నీ, సందు పొడవునూ గుణిస్తే వచ్చే లబ్ధం మీద అది ఆధారపడుతుంది. ప్లగ్గు విషయంలో లబ్ధం పెరిగితే కావలసిన వోల్టేజీ పెరుగుతుంది.

ఇంజను ఊరికే తిరిగేటప్పుడు సిలిండర్‌లోకి చేరే గాలి కొంచెమే. పెడల్ పూర్తిగా నొక్కినప్పుడు చేరే దానిలో సుమారు మూడో వంతు. మిట్ట ఎక్కేటప్పుడు సిలిండర్ నిండా గాలి చేరుతుంది. దాన్ని నొక్కితే పీడనం దాదాపు మూడింతలవుతుంది. అంటే నిప్పురవ్వ దూకడం అప్పుడే అన్నింటికంటే కష్టం. కాయిల్ బలహీనపడి ఉంటే, లేదా దాని రబ్బరు తొడుగుకు సన్నని పగులు ఉంటే, కరెంటు ప్లగ్గు సందును వదిలేసి ఆ పగులు గుండా ఇంజను లోహంలోకి పారిపోతుంది. సులువైన దారి ఉండగా కష్టమైన దారిని అది ఎందుకు పడుతుంది? ఖాళీ బండిలో ప్లగ్గు దారే సులువు. నిండు బండిలో పగులు దారి సులువు. ఖాళీ బండికి లేని జబ్బు నిండు బండికి రావడంలోని రహస్యం ఇదే.

కథ ఇంకా ముగియలేదు

కొత్త కాయిల్ వేశారు. దీపం ఆరింది. మూడు నెలల తర్వాత మళ్ళీ వెలిగింది! ఈసారి పి0304. “నా బండికి ఏదో దిష్టి తగిలింది” అనుకున్నాడు డ్రైవరు.

మేస్త్రీ నాలుగు ప్లగ్గులూ ఊడదీసి సందులు కొలిచాడు. 0.8 మిల్లీమీటరు ఉండవలసినవి 1.3 దాకా అరిగి ఉన్నాయి. ఇప్పుడు పాషెన్ లెక్కను మళ్ళీ వేయండి. సందు ఒకటిన్నర రెట్లకు పైగా పెరిగింది. పీడనం మూడింతలు. రెండింటినీ గుణిస్తే దాదాపు ఐదు రెట్లు! ప్రతి కాయిలూ శక్తికి మించి వోల్టేజి పుట్టించవలసి వచ్చింది. అన్నింటికంటే బలహీనమైన రెండోది ముందు పోయింది, తర్వాత నాలుగోది పోయింది. కాయిళ్ళు చెడిపోయిన మాట నిజమే. వాటిని చెడగొట్టింది అరిగిన ప్లగ్గులు. కాలం చెల్లిన ప్లగ్గులను మార్చకుండా కాయిళ్ళు మారుస్తూ పోతే దీపం వెలుగుతూనే ఉంటుంది.

‘ఏది చెడింది?’ అన్న ప్రశ్నకు జవాబు దొరకగానే ఆగకూడదు. ‘ఎందుకు చెడింది?’ అని మరో మెట్టు దిగాలి.

మరికొన్ని జాడలు

ప్లగ్గు తీసినప్పుడు దాని కొన రంగు చూస్తే సిలిండర్ లోపలి సంగతి తెలుస్తుంది. లేత గోధుమ లేదా బూడిద రంగు ఆరోగ్యం. పొడి నల్లమసి ఉంటే పెట్రోలు ఎక్కువైంది. నూనె తడి ఉంటే ఇంజన్ ఆయిల్ లోపలికి కారుతోంది. తెల్లగా పొక్కిపోయి ఉంటే మితిమీరిన వేడి.

నిప్పురవ్వ, పెట్రోలు రెండూ సరిగ్గా ఉన్నా ఒక సిలిండర్ మండకపోతే పీడనం కొలవాలి. ప్లగ్గు స్థానంలో మీటరు బిగించి ఇంజనును స్టార్టరుతో తిప్పుతారు. ఒక సిలిండర్‌లో పీడనం తక్కువగా ఉంటే అందులో ఒక చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్ళీ కొలుస్తారు. పీడనం పెరిగితే పిస్టన్ రింగులు అరిగాయి. ఆయిల్ రింగుల సందును తాత్కాలికంగా పూడ్చింది కనుక పెరిగింది. పెరగకపోతే గాలి పైనుంచి, అంటే వాల్వుల గుండానో గాస్కెట్ గుండానో పోతోంది. చెంచాడు ఆయిలుతో ఇంజను విప్పకుండానే లోపలి సంగతి తెలుసుకోవడం ఎంత చక్కని ప్రయోగమో చూశారా!

గాలి దారిలో చిల్లు పడితే దాని జాడ మరో విధంగా ఉంటుంది. నెమ్మదిగా తిరిగే ఇంజను పీల్చే గాలే కొంచెం. అందులో చిల్లు గుండా దూరిన గాలి పెద్ద భాగమవుతుంది. మిశ్రమం పలచబడి మంట తప్పుతుంది. పెడల్ నొక్కితే గాలి ఎన్నో రెట్లు పెరుగుతుంది. అందులో చిల్లు గాలి లెక్కలోకి రాదు.

ఇక మీకు ఒక చిక్కుప్రశ్న. ఒక కారు పొద్దున స్టార్టు చేయగానే నిలబడినచోట వణుకుతుంది. సంకేతం పి0300. రోడ్డెక్కి వేగం అందుకోగానే, ఎంత బరువున్నా, హాయిగా పోతుంది. కొత్త కాయిళ్ళు నాలుగూ కొనమని ఒకరు సలహా ఇచ్చారు. మీరైతే కొనిపిస్తారా? కొనిపించకపోతే మొదట ఎక్కడ వెదుకుతారు? అలా వెదకడానికి కారణం ఏమిటి? జవాబు పైన చెప్పుకున్నదానిలోనే ఉంది. మీ మిత్రులతో వాదించి తేల్చండి. జవాబు చెబితే చాలదు, దాన్ని రుజువు చేసే ప్రయోగం కూడా చెప్పాలి సుమా!